పీఆర్‌ఐ లైనును ఈపీఏబీఎక్స్‌కి కలపడం ఎలా: తీగ దగ్గర మొదలుపెట్టి మాట వినిపించేదాకా

పీఆర్‌ఐ అంటే ఒకే తీగ మీద ముప్ఫై కాల్స్ మోసే టెలిఫోన్ లైను, ఈపీఏబీఎక్స్ అంటే ఆఫీసు లోపలి ఫోన్లన్నిటినీ బయటి లైనుకి కలిపే యంత్రం. ఆ లైను ఇవ్వడానికి టెలిఫోన్ కంపెనీ కుర్రాడు వచ్చి గోడకి ఒక పెట్టె బిగిస్తాడు. పచ్చ లైటు చూపించి, "లింకు ఇచ్చేశాం సార్, ఇక మీ వైపు చూసుకోండి" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. ఆ "మీ వైపు" ఎవరిదో ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. ఈపీఏబీఎక్స్ అమ్మినాయన లైనులో తప్పంటాడు, లైనువాళ్లు ఈపీఏబీఎక్స్‌లో తప్పంటారు. నడుమ చిక్కుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ మోసే ఎస్‌ఐపీ ట్రంకులొచ్చాక పీఆర్‌ఐ పాతబడిందన్న మాట నిజమే. అయినా ఆసుపత్రుల్లో, హోటళ్లలో, కాల్ సెంటర్లలో ఇంకా నడుస్తూనే ఉంది. చాలాచోట్ల ఈపీఏబీఎక్స్‌కి బదులు, పీఆర్‌ఐ కాల్స్‌ని ఎస్‌ఐపీకి మార్చే గేట్‌వే పెట్టె ఉంటుంది. దానికీ ఇదే పద్ధతి, మెనూల పేర్లు మాత్రమే వేరు.

పద్ధతి ఒక్కటే, కింది నుంచి పైకి రావడం. ముందు తీగ, తర్వాత ఫ్రేము, గడియారం, ఆపైన డీ ఛానల్, ఆఖరున నంబర్లు. కిందిది నిలబడందే పైదాని జోలికి పోవద్దు. రాత్రి పదకొండు దాకా నంబర్ల పట్టిక మార్చి మార్చి, తెల్లారి చూస్తే కనెక్టరు సరిగ్గా దిగలేదని తెలుసుకున్నవాళ్లు ఈ పనిలో చాలామందే ఉన్నారు. నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

ముందుగా అడిగి రాసుకోవాల్సినవి

పెట్టె బిగించడానికొచ్చిన మనిషిని కాకుండా, ఎక్స్ఛేంజిలో లింకు తయారుచేసిన మనిషిని ఫోన్లో పట్టుకోండి. ఆయన్ని ఇవి అడగండి.

లైను పీఆర్‌ఐనా, పాత ఆర్2 పద్ధతా? రెండూ ఈ1 అనే ఒకే రకం తీగ మీద వస్తాయి (దాని సంగతి కింద చెప్తాను), చూడటానికి తేడా ఉండదు. సిగ్నలింగ్, అంటే కాల్ మొదలుపెట్టే, ముగించే కబుర్లు పంపుకునే తీరు, మాత్రం పూర్తిగా వేరు, ఒకదాని సెట్టింగులతో రెండోది పనిచేయదు. సీఆర్‌సీ4, అంటే దారిలో బిట్లు చెడ్డాయేమో చూసే తనిఖీ, ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా? మాటలు వెళ్లే 30 ఛానళ్లూ తెరిచారా, కొన్నే తెరిచారా? కొన్నే అయితే ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా? పైలట్ నంబరు (బయటివాళ్లు కొట్టే ప్రధాన నంబరు) ఏది, డీఐడీ వరుస (ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి నేరుగా పోయే బయటి నంబర్లు) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? కాల్ వచ్చినప్పుడు పిలవబడ్డ నంబరులో ఎన్ని అంకెలు మనకి పంపుతారు, చివరి నాలుగా, మొత్తమా? ఛానళ్లను వాళ్లు కింది నుంచి పైకి వాడతారా, పై నుంచి కిందికా?

ఆఖరి ప్రశ్నకి "అదెందుకండీ" అంటారు. అయినా వదలకండి, ఎందుకో కింద చెప్తాను.

తీగలో నడిచేదేమిటి

ఇక్కడ రెండు నిమిషాలు ఆగితే తర్వాత రెండు గంటలు మిగులుతాయి. మాటని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లుగా రాస్తే సెకనుకి 64,000 బిట్లు. ఒక మాటకి పట్టే దారి అంత. అలాంటి 32 దారుల్ని ఒకే తీగ మీద వరుసగా పేర్చితే సెకనుకి 20,48,000 బిట్లు, అదే ఈ1. అమెరికాలో దీనికి బదులు 24 దారుల టీ1 ఉంటుంది, మనది ఐరోపా పద్ధతి. ఈపీఏబీఎక్స్‌లో లైను గుచ్చే కార్డు అక్కడి నుంచి తెచ్చిన పాతదైతే, అందులో ఈ1, టీ1లలో ఒకదాన్ని ఎంచే జంపరు ఎటుందో ముందు చూసుకోండి.

దీన్ని 32 పెట్టెల రైలనుకోండి. ఒక్కో రైలునే ఫ్రేము అంటారు, ఒక్కో పెట్టెని ఛానల్ అంటారు. సెకనుకి 8,000 రైళ్లు, ఒకదాని వెనక ఒకటి, 125 మైక్రోసెకన్లకొకటి పోతుంటాయి. సున్నా పెట్టెలో ప్రయాణికులుండరు. రైలు ఎక్కడ మొదలైందో తెలియడానికి గుర్తు, అలారం కబుర్లు అందులో వెళ్తాయి. 16వ పెట్టె డీ ఛానల్, ఎవరు ఎవరిని పిలుస్తున్నారన్న సమాచారమంతా దాన్లోనే. మిగతా 30 పెట్టెల్లో మాటలు. పీఆర్‌ఐలో ముప్ఫై కాల్స్ అన్న లెక్క ఇక్కడి నుంచే వచ్చింది.

మొదటి అడుగు: తీగ

గోడ పెట్టె నుంచి ఈ1 రెండు రూపాల్లో బయటికొస్తుంది. ఒకటి 75 ఓమ్‌ల కోయాక్సియల్, బీఎన్‌సీ కనెక్టర్లతో, పంపేదానికొకటి, అందుకునేదానికొకటి. రెండోది 120 ఓమ్‌ల మెలితీగ, చూడటానికి లాన్ జాక్ లాగే ఉంటుంది. వాళ్లిచ్చింది ఒక రకం, మీ కార్డు ఇంకో రకం అయితే మధ్యలో బాలన్ అనే చిన్న మార్పిడి ముక్క పెట్టాలి. కోయాక్సియల్ తీగని కోసి నేరుగా జాక్‌కి టంకం వేసే ప్రయోగాలు చేయకండి.

జాక్ రకంలో సాధారణంగా 1, 2 కాళ్లు (పిన్నులు) అందుకునేవి, 4, 5 కాళ్లు పంపేవి. వాళ్లు పంపింది మన అందుకునే కాళ్లకి రావాలి కాబట్టి 1ని 4కి, 2ని 5కి కలపాలి. దీన్నీ క్రాస్ కేబుల్ అనే అంటారు, అక్కడే మోసపోతాం. కంప్యూటర్ల దుకాణంలో దొరికే లాన్ క్రాస్ కేబుల్ 1, 2లని 3, 6లకి కలుపుతుంది. ఈ1లో ఆ 3, 6 కాళ్లకి పనే లేదు. కాబట్టి ఈ కేబుల్ మీరే క్రింప్ చేసుకోవాలి. కొన్ని గోడ పెట్టెల్లో ఈ తారుమారు లోపలే చేసేసి ఉంటుంది, అప్పుడు మామూలు లాన్ కేబులే సరిపోతుంది. రెండూ చేతిలో పెట్టుకుని వెళ్లండి.

జతలో రెండు తీగలు అటూ ఇటూ అయ్యాయేమో అని కంగారు పడక్కర్లేదు. ఈ1లో పాజిటివ్, నెగటివ్ తిరగబడినా పని ఆగదు. జతలు మాత్రం చీలకూడదు. 1వ కాలికి ఒక జతలోది, 2వ కాలికి వేరే జతలోది పెడితే నాలుగడుగుల కేబుల్లో నడిచినట్టే ఉంటుంది, నలభై అడుగులయ్యాక తప్పుల మీద తప్పులొస్తాయి.

ఎవరి వైపు తప్పో తేల్చడానికి లూపుని మించింది లేదు. ఒక కనెక్టర్లో 1ని 4తో, 2ని 5తో కలిపేయండి. దాన్ని మీ కార్డులో గుచ్చితే, కార్డు పంపింది కార్డుకే తిరిగొస్తుంది. ఎర్ర లైటు పోయిందా, మీ పోర్టు బాగున్నట్టే. తర్వాత ఎక్స్ఛేంజివాళ్లకి ఫోన్ చేసి, గోడ పెట్టె వైపు అదే లూపు పెట్టి, "మీకు లూపు కనిపిస్తోందా" అని అడగండి. కనిపిస్తోందంటే వాళ్ల లైనూ బాగుంది. ఇక మిగిలింది మధ్యలో కేబులే.

రెండో అడుగు: ఫ్రేము, అలారాలు

సెట్టింగుల్లో లైన్ కోడ్ హెచ్‌డీబీ3 పెట్టండి. వరసగా సున్నాలే వస్తే తీగ మీద కదలికే ఉండదు, అవతలి యంత్రం లెక్క తప్పుతుంది. అందుకని నాలుగు సున్నాలు వరసగా వచ్చినప్పుడు, కావాలనే నియమం తప్పిన ఒక పల్సుని దాన్లో దూరుస్తారు. అదే హెచ్‌డీబీ3. ఫ్రేమింగు సీఆర్‌సీ4తోనా, లేకుండానా అన్నది మీ కాగితం మీదుంది, దాని ప్రకారం పెట్టండి. ఒక వైపు ఆన్, ఒక వైపు ఆఫ్ అయితే ఒక్కో యంత్రం ఒక్కోలా ప్రవర్తిస్తుంది. కొన్నిట్లో లింకు అసలు లేవదు, కొన్నిట్లో లేచి పడుతుంటుంది.

అలారం కనబడితే బెదరకండి, అది దారి చూపిస్తుంది. సిగ్నల్ లేదు అంటే మీ అందుకునే జత మీద ఏమీ రావట్లేదు, కేబుల్ చూడండి. సిగ్నల్ ఉంది, ఫ్రేము దొరకట్లేదు అంటే లైన్ కోడో, ఫ్రేమింగో తేడా. ఏఐఎస్ అని వస్తే తీగ మీద అన్నీ ఒకట్లే వస్తున్నాయని అర్థం. అంటే మీకు దగ్గర్లో ఉన్న పెట్టె బతికే ఉంది, దానికి అవతల ఎక్కడో తెగింది. మీరు గోడకి ఇటు ఏం మార్చినా లాభం లేదు, ఫోన్ చేసి టీ తాగండి. ఆర్‌ఏఐ, అదే పసుపు అలారం, వస్తే కథ తిరగబడుతుంది. వాళ్లు చెప్పేది మనకి బాగానే వినబడుతోంది, మనం చెప్పేది వాళ్లకి వినబడట్లేదు. కాబట్టి మీరు పంపే జతని చూడాలి. చాలామంది పసుపు లైటు చూసి కంపెనీకి ఫిర్యాదు చేస్తారు. సగం సార్లు తెగింది మన తీగే అయ్యుంటుంది.

మూడో అడుగు: గడియారం

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం ఇదే.

రైళ్లు సెకనుకి సరిగ్గా 8,000 పోవాలని చెప్పుకున్నాం. ఎవరి గడియారం ప్రకారం? ఎక్స్ఛేంజి గడియారం ప్రకారం. మీ ఈపీఏబీఎక్స్ ఆ వేగాన్ని లైను నుంచే పట్టుకోవాలి. సెట్టింగుల్లో దీన్ని క్లాక్ సోర్స్ అంటారు. లైను, నెట్‌వర్క్, రికవర్డ్ అని ఏ పేరుతో ఉన్నా అది ఎంచుకోండి. ఇంటర్నల్ అని ఉంటే మార్చేయండి.

ఇంటర్నల్ పెడితే ఏమవుతుందో లెక్క చూడండి. ఈ1 గడియారానికి పది లక్షల్లో 50 వంతుల తేడా దాకా ఒప్పుకుంటారు. మీ గడియారం అంత తేడాగా నడుస్తుంటే సెకనుకి 50 మైక్రోసెకన్లు జారుతుంది. రెండున్నర సెకన్లకి 125 మైక్రోసెకన్లు, అంటే ఒక రైలంత. అప్పుడు యంత్రం ఒక రైలుని వదిలేస్తుంది, లేదా పాతదాన్నే మళ్లీ పంపుతుంది. దీన్నే స్లిప్ అంటారు. మాటలో అదొక చిన్న టిక్కు, చెవికి ఆనదు కూడా. ఫ్యాక్సుకి మాత్రం అది పేజీ మధ్యలో పడ్డ గొడ్డలి వేటు.

ఒక ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టుల ఫ్యాక్సు సగంలో ఆగిపోయేది. మూడు రోజులు ఫ్యాక్స్ మెషీన్ని తిట్టాను, మార్పించాను కూడా. లైనువాళ్లని రెండుసార్లు రప్పించాను. చివరికి కౌంటర్ల పేజీ తెరిస్తే స్లిప్పులు వేలల్లో ఉన్నాయి. పాత కాన్ఫిగరేషన్ని కాపీ చేసి పెట్టింది నేనే, అందులో క్లాకు ఇంటర్నల్‌గా ఉంది. అప్పటినుంచి లింకు లేచిన వెంటనే స్లిప్ కౌంటర్ సున్నా చేసి, అరగంట తర్వాత మళ్లీ చూస్తాను. సున్నాగానే ఉండాలి.

రెండు, మూడు పీఆర్‌ఐలుంటే ఒకదాన్ని మొదటి గడియారంగా, రెండోదాన్ని దాని బదులుగా పెట్టండి. మీ సొంత రెండు ఈపీఏబీఎక్స్‌లని ఈ1తో కలుపుకుంటుంటే మాత్రం అక్కడ ఎక్స్ఛేంజి లేదు. ఒకటి గడియారం ఇవ్వాలి, రెండోది తీసుకోవాలి. రెండూ ఒకదాన్నుంచి ఒకటి తీసుకుందామని చూస్తే ఇద్దరూ కలిసి దారి తప్పుతారు.

నాలుగో అడుగు: డీ ఛానల్

ఇప్పుడు 16వ పెట్టె సంగతి. దాన్లో ల్యాప్‌డీ అనే పద్ధతి నడుస్తుంది, క్యూ.921 అని రాసేది ఇదే. ప్రతి ముక్కకీ ముందూ వెనకా 01111110 అనే జెండా ఉంటుంది. అసలు సమాచారంలోనే అలాంటి వరుస వచ్చి జెండా అని పొరబడకుండా, ఐదు ఒకట్లు వరసగా వస్తే పంపేవాడు ఒక సున్నా దూరుస్తాడు, అందుకున్నవాడు తీసేస్తాడు.

మీ వైపు సెట్టింగ్ యూజర్ అని ఉండాలి. కొన్నిట్లో టీఈ అనో, సీపీఈ అనో రాస్తారు. ఎక్స్ఛేంజి వైపు నెట్‌వర్క్. స్విచ్ టైపు, అంటే ఎక్స్ఛేంజితో మాట్లాడే పద్ధతి, యూరో ఐఎస్‌డీఎన్ పెట్టండి. అప్పుడు ఒక వైపు నుంచి సాబ్మీ అనే పలకరింపు వెళ్తుంది, అటునుంచి యూఏ అనే జవాబొస్తుంది. ఆ రెండూ పూర్తయితే డీ ఛానల్ అప్ అని చూపిస్తుంది. ఆ తర్వాత కాల్స్ లేకపోయినా, "ఉన్నావా?" "ఉన్నాను" అన్నట్టు మామూలుగా పది సెకన్లకోసారి పలకరించుకుంటూనే ఉంటాయి.

పలకరింపు పోతోంది, జవాబు రావట్లేదా? మొదట చూడాల్సింది, ఇందాక పెట్టిన లూపు తీశారా లేదా అని. నవ్వకండి. లూపులో ఎర్ర లైటు పోయి పచ్చది వెలుగుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. కానీ మీ పలకరింపు మీకే తిరిగొస్తుంటే జవాబు ఎవరిస్తారు? రెండోది, మీ వైపు పొరపాటున నెట్‌వర్క్ అని పెట్టారేమో. రెండు వైపులా ఒకటే అయితే మాట కలవదు. మూడోది, డీ ఛానల్ 16లోనే ఉందా. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఎక్స్ఛేంజిలో మీ డీ ఛానల్ తెరవలేదన్నమాట. అప్పుడు ఫోన్ చేసి "లేయర్ టూ లేవలేదు, సాబ్మీకి జవాబు లేదు" అని ఇవే మాటల్లో చెప్పండి. లేయర్ టూ అంటే ఈ పలకరింపుల మెట్టే. "ఫోన్ పనిచేయట్లేదు" అంటే ఒకలా వింటారు, ఇలా అంటే ఇంకోలా వింటారు.

ఐదో అడుగు: మొదటి కాల్

ఈపీఏబీఎక్స్‌లో ట్రేస్ (వచ్చే పోయే సందేశాల్ని చూపించే పేజీ) తెరిచి పెట్టుకుని, మీ సెల్ నుంచి పైలట్ నంబరుకి కొట్టండి. ఇప్పుడు కనిపించేవి క్యూ.931 సందేశాలు, అంటే కాల్ కలపడానికీ తెంచడానికీ డీ ఛానల్లో పంపుకునేవి. మొదట సెటప్ వస్తుంది. దాన్లో పిలిచినవారి నంబరు, పిలవబడ్డ నంబరు, ఏ ఛానల్లో మాట రావాలో ఉంటాయి. మీ ఈపీఏబీఎక్స్ కాల్ ప్రొసీడింగ్ అంటుంది, ఫోను మోగగానే అలర్టింగ్ అంటుంది, ఎత్తగానే కనెక్ట్. పెట్టేసేటప్పుడు డిస్‌కనెక్ట్, రిలీజ్, రిలీజ్ కంప్లీట్ అని మూడు మెట్లు దిగుతుంది.

సెటప్‌లో పిలవబడ్డ నంబరు ఎన్ని అంకెలతో వచ్చిందో కళ్లతో చూడండి. నాలుగంకెలొస్తాయని కాగితం మీదున్నా పూర్తి నంబరు రావచ్చు. కనిపించినదాని ప్రకారమే డీఐడీ పట్టిక రాయండి. పిలిచినవారి నంబరు ముందు సున్నా లేకుండా పదంకెలే వస్తే, దానికి సున్నా చేర్చేలా పెట్టండి. లేకపోతే మిస్డ్ కాల్ చూసి తిరిగి కొడితే పోదు.

ఇప్పుడు బయటికి కొట్టండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి ఏ సెల్‌కి కొట్టినా ముందు సున్నా ఉండాలి. అంతకుముందు తయారైన ఈపీఏబీఎక్స్ కాన్ఫిగరేషన్లలో, ఊళ్లో సెల్ నంబర్లకి సున్నా తీసేసే నియమం ఉండేది. అది ఇంకా అలాగే ఉంటే కాల్ వెళ్లదు. నంబరు టైపు ఏది పెట్టాలో తెలీకపోతే అన్‌నోన్ పెట్టి, ఫోన్ మీద నొక్కే అంకెల్నే యథాతథంగా పంపండి. బయటికి చూపించే నంబరు మీ డీఐడీ వరుసలోదే అయ్యుండాలి.

ఎక్స్‌టెన్షన్లు 100 నుంచి మొదలుపెట్టే అలవాటుంటే మానుకోండి. 100, 108, 112 మన ఎక్స్‌టెన్షన్లయితే, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరో 108 కొడితే స్టోర్ రూములో ఫోను మోగుతుంది. 200 నుంచో, 4000 నుంచో పెట్టుకోండి. ఈ అత్యవసర నంబర్లు బయటి లైను అంకె నొక్కకుండానే వెళ్లేలా రూటు రాయండి. రూటు పట్టికలో చూసుకుంటే చాలు, పరీక్ష కోసం అక్కడివాళ్లకి ఫోన్ చేయొద్దు.

ఇంకో చిక్కు. మాటల ఛానళ్ల నంబర్లు 1 నుంచి 15, తర్వాత 17 నుంచి 31. కొన్ని ఈపీఏబీఎక్స్‌లు మాత్రం 1 నుంచి 30 దాకా వరసగా లెక్కపెడతాయి. మొదటి పదిహేను కాల్స్ చక్కగా పోయి, ఆపైన వచ్చినవాటిలో మాట వినబడకపోతే కారణం ఇదే కావచ్చు. ఒక్క కాల్‌తో ఇది బయటపడదు. సోమవారం పొద్దున రద్దీలో పడుతుంది. అందుకని ఒక్కో ఛానల్‌ని బలవంతంగా ఎంచుకుని కాల్ చేసే సదుపాయం మీ యంత్రంలో ఉంటే 17నీ, 31నీ ఇవాళే పరీక్షించండి.

ఎక్స్ఛేంజిని అడగమన్న ఆఖరి ప్రశ్న ఇక్కడికొస్తుంది. వాళ్లు కింది ఛానల్ నుంచి పైకి వాడుతుంటే మీరు 31 నుంచి కిందికి వాడండి. ఇద్దరూ ఒకటో ఛానల్ నుంచే మొదలుపెడితే, ఒకేసారి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కాల్ ఒకే ఛానల్ మీద ఢీకొంటుంది.

కాజ్ నంబర్లు

కాల్ తెగినప్పుడల్లా ట్రేస్‌లో ఎందుకు తెగిందో చెప్పే ఒక కాజ్ నంబరుంటుంది. 16 అంటే ఎవరో మామూలుగా పెట్టేశారు, తప్పేం లేదు. 17 అంటే అవతల బిజీ. 1 అంటే ఆ నంబరే లేదు, 28 అంటే అంకెల తీరు బాగాలేదు. ఈ రెండూ తరచూ వస్తే మీ డయల్ పట్టికలో సున్నాల లెక్క చూడండి. 34 అంటే ఛానల్ ఖాళీ లేదు. నిజంగా ముప్ఫై కాల్స్ నడుస్తున్నాయా, లేక వాళ్లు తెరవని ఛానళ్లని కూడా మీరు తెరిచి కూర్చున్నారా? 44 అంటే అడిగిన ఛానల్ అందుబాటులో లేదు, ఇందాకటి ఢీకొనడం గుర్తు తెచ్చుకోండి. 102 అంటే జవాబు కోసం చూసి చూసి గడువు తీరింది. ఎస్‌ఐపీకి మారినా ఈ అంకెలు మీ వెంటే వస్తాయి, అక్కడి లాగ్ రికార్డుల్లోనూ ఇవి తరచూ కనిపిస్తాయి.

సంతకం పెట్టేముందు

ఐఎస్‌డీ అవసరం లేకపోతే కంపెనీ వైపే మూయించండి. ఈపీఏబీఎక్స్‌కి ఇంటర్నెట్ తగిలించి, పాస్‌వర్డు డబ్బాలోంచి వచ్చినట్టే వదిలేస్తే, ఒక్క రాత్రిలో ముప్ఫై ఛానళ్ల మీదా విదేశాలకి కాల్స్ పోవడం ఈ వృత్తిలో విననివారు లేరు.

కౌంటర్లన్నీ సున్నా చేసి ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు స్లిప్పులు, సీఆర్‌సీ తప్పులు, డీ ఛానల్ ఎన్నిసార్లు పడి లేచిందో చూడండి. అన్నీ సున్నాలుంటేనే పాత అనలాగ్ లైన్లు తీయించే సంగతి ఆలోచించండి. అప్పుడైనా రెండు ఉంచుకోండి, ఒకటి లిఫ్టులో ఫోనుకి, ఇంకొకటి రిసెప్షన్లో మామూలు ఫోనుకి. కరెంటు పోయి యూపీఎస్ చచ్చిన రోజు పీఆర్‌ఐ ముప్ఫై దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. ఎక్స్ఛేంజి నుంచే కరెంటు తెచ్చుకునే ఆ రాగి తీగ ఫోను అప్పుడు మోగుతుంది.